కమిషనర్ ఇచ్చిన పరిహారం మీద ఇన్సూరెన్స్ కంపెనీ హైకోర్టుకు వెళ్లింది, 8 లక్షలకు రాజీ పడాలా?

ముందు మీరు రాసింది నాకు ఎలా అర్థమైందో చెబుతాను. ఇందులో ఏ ఒక్కటి తేడా ఉన్నా కింద వేసిన లెక్కలన్నీ మారిపోతాయి, కాబట్టి ఓసారి సరిచూసుకోండి.

మీ బావగారు మండపేట వైపు ఒక రైస్ మిల్లులో మిషన్ ఆపరేటరు. 2023 మే నెలలో, దాళ్వా ధాన్యం ఆడుతున్న రోజుల్లో, ఎలివేటర్ బెల్టులో కుడి చెయ్యి పడింది. మణికట్టు దగ్గర తీసేయాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకు 35 నిండాయి. జీతం నెలకు 18,000, చేతికే ఇచ్చేవారు, స్లిప్పు లేదు. ఆస్పత్రిలో ఉండగానే ఓనరు 2 లక్షలు ఇచ్చి, ఇక ఏ బాకీ లేదని రాసిన తెల్లకాగితం మీద ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నారు. అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గర కేసు వేస్తే, 2025 సెప్టెంబరులో సంపాదించే శక్తి నూటికి నూరు శాతం పోయిందని తేల్చి 17,73,540 రూపాయలు, ప్రమాదం నాటి నుంచి 12 శాతం వడ్డీ ఇమ్మని ఆర్డరు వేశారు. ఓనరు ఇచ్చిన 2 లక్షలను వైద్యం ఖర్చు కింద చూసి అందులోంచి తగ్గించలేదు. నవంబరులో కంపెనీ ఆ డబ్బు కమిషనర్ దగ్గర కట్టి హైకోర్టులో సీఎంఏ, అంటే అప్పీలు, వేసింది. ఇప్పుడు ఒకాయన మీ ఇంటికొచ్చి, హైకోర్టంటే పదేళ్లు, నేను 8 లక్షలు ఇప్పిస్తాను, సంతకం పెట్టండి అంటున్నాడు. ఆ డబ్బు ఒప్పుకోవాలా, సివిల్ కోర్టులో ఇంకో దావా వేయొచ్చా, ఓనరు మీద క్రిమినల్ కేసు ఉంటుందా, ఆ వేలిముద్ర కాగితం కొంప ముంచుతుందా అని మీ ప్రశ్నలు.

నేను కాకినాడలో ప్రాక్టీసు చేసే ప్లీడర్ని. రైస్ మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లలో దెబ్బలు తగిలినవాళ్ల తరఫున కమిషనర్ ముందు కేసులు నడుపుతుంటాను. నా మాట సూటిగా చెబుతున్నాను: 8 లక్షలకు ఒప్పుకోవద్దండి. హైకోర్టులో మీకు అన్నీ అనుకూలంగా వస్తాయని హామీ ఇచ్చి ఈ మాట అనడం లేదు. పెద్ద వాదనలు రెండూ ఎదురు తిరిగినా మీకు వచ్చేది దాదాపు ఆ 8 లక్షలే, అందుకని అంటున్నాను. ఎలాగో చూడండి.

ఉద్యోగుల నష్టపరిహార చట్టం 1923లో లెక్క చాలా మామూలుది. పూర్తిగా, శాశ్వతంగా పనికి పనికిరాకుండా పోతే నెల జీతంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి నాలుగో షెడ్యూల్లో ఉన్న అంకెతో గుణిస్తారు. 35 ఏళ్లకు ఆ అంకె 197.06. జీతం ఎంత ఉన్నా లెక్కలోకి వచ్చేది 15,000 మాత్రమే, 2020 జనవరి 3 నుంచి ఉన్న పరిమితి అది. అంతకు ముందు 8,000 ఉండేది. 15,000లో 60 శాతం 9,000, దాన్ని 197.06తో గుణిస్తే 17,73,540. కమిషనర్ ఆర్డరులో ఉన్నది ఇదే.

ఇప్పుడు కంపెనీ పెద్ద వాదనలు రెండూ నెగ్గాయనుకుందాం. షెడ్యూల్లో ఒక చెయ్యి పోతే 60 శాతం అని ఉంది కాబట్టి నూరు శాతం కుదరదంటారు. సరే, 60 శాతానికి దించారు. అప్పుడు 10,64,124 వస్తుంది. జీతం 18,000 కాదు, ఓనరు చెప్పినట్టు 9,000 అంటారు. అదీ ఒప్పుకున్నారు. అప్పుడు 6,38,474కి దిగుతుంది. దానికి ప్రమాదం నాటి నుంచి నవంబరులో డబ్బు కట్టిన రోజు వరకు, అంటే రెండున్నరేళ్లకు, 12 శాతం చొప్పున 1,91,542 కలపండి. మొత్తం 8,30,016. ఆ రెండిట్లోనూ మీరు ఓడిపోయినా ఆ మధ్యవర్తి చెబుతున్న అంకె కంటే ఎక్కువే. దానికి కింద పడాలంటే వడ్డీ విషయంలోనో, బెల్టు మూత గురించి వాళ్లు చేసే వాదనలోనో, ఓనరు ఇచ్చిన 2 లక్షల విషయంలోనో కూడా మీరు ఓడిపోవాలి, వాటి సంగతి ముందుకు వెళ్లాక చెబుతాను. ఇటు వైపు చూస్తే, ఆర్డరు ఉన్నది ఉన్నట్టు నిలబడితే అదే రెండున్నరేళ్లకు వడ్డీ 5,32,062, మొత్తం 23,05,602. ఇంత తేడా ఉంది కాబట్టే మీ ఇంటికి మనిషి వచ్చాడు.

హైకోర్టు అనగానే జనం భయపడేది, అక్కడ మళ్లీ మొదటి నుంచి కేసు నడుస్తుందని. ఈ చట్టంలో అలా లేదు. 30వ సెక్షన్ ప్రకారం కమిషనర్ ఆర్డరు మీద అప్పీలు హైకోర్టుకే పోతుంది, కానీ గణనీయమైన న్యాయ ప్రశ్న ఉంటేనే. సాక్షి నిజం చెప్పాడా లేదా, జీతం ఎంత, వయసెంత, ఆయన ఆ మిల్లులో పనివాడేనా, దెబ్బ పనిలోనే తగిలిందా, ఇవన్నీ వాస్తవాలు. వాటి మీద చివరి మాట కమిషనర్‌దే. గొల్ల రాజన్న కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేటతెల్లంగా చెప్పింది. అక్కడ కర్ణాటక హైకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూచి పరిహారం తగ్గిస్తే, అది మీ పని కాదని చెప్పి కమిషనర్ ఆర్డరునే నిలబెట్టింది. సుప్రీంకోర్టు తీర్పులు అచ్చువేసే ఎస్.సి.సి. పుస్తకాల్లో 2017 మొదటి సంపుటిలో 45వ పేజీలో ఉంటుంది, మీ ప్లీడరుకు ఈ నంబరు ఇవ్వండి. 2018లో ఈశాన్య కర్ణాటక ఆర్టీసీ వర్సెస్ సుజాత తీర్పులోనూ ఇదే దారి.

అందుకని జీతం గురించి కంపెనీ అప్పీలులో ఎంత పొడుగ్గా రాసినా నాకు పెద్ద టెన్షన్ లేదు. మీరు రాసినదాని ప్రకారం తోటి పనివాడు ఒకరు వచ్చి జీతం సంగతి చెప్పారు, ఓనరు జీతాల రిజిస్టరు కోర్టుకు తేలేదు. ఉండాల్సిన రిజిస్టరు దాచినవాడి మాట కమిషనర్ నమ్మకపోవడంలో న్యాయ ప్రశ్న ఏముంది?

అసలు పోరు 60 శాతమా, నూరు శాతమా అన్న దగ్గరే. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. చట్టానికి వెనకాల ఉన్న మొదటి షెడ్యూల్లో ఏ అవయవం పోతే ఎంత శాతం అని పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50, చెయ్యి పోతే 60, భుజం కీలు దగ్గర తీసేస్తే 90. కంపెనీ ప్లీడరు ఈ పట్టిక పట్టుకుని, ఇది చట్టం రాసిన అంకె, దీన్ని దాటడానికి కమిషనర్‌కు అధికారం లేదు, కాబట్టి ఇది న్యాయ ప్రశ్నే అంటారు. వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కొన్నిసార్లు నెగ్గుతుంది కూడా.

మన జవాబు అదే చట్టంలో 2వ సెక్షన్లో ఉంది. పూర్తి అశక్తత అంటే ఏమిటో అక్కడ చెప్పారు: ప్రమాదం జరిగేనాటికి ఆ మనిషి చేయగలిగిన పనులన్నిటికీ పనికిరాకుండా పోవడం. లోకంలో ఉన్న పనులన్నీ కాదు, ఆయన చేయగలిగినవి. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో ఒడిశాలో ఒక వడ్రంగి సినిమా హాలులో పని చేస్తూ కింద పడ్డాడు, ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తీసేశారు. షెడ్యూలు ప్రకారం ఇంత శాతమే అని ఓనరు వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం ఎలా చేస్తాడు, ఇది పూర్తి అశక్తతే అని కమిషనర్ అన్న మాటను సుప్రీంకోర్టు నిలబెట్టింది. నలుగురు జడ్జీల ధర్మాసనం, 1976 ఎస్.సి.సి. మొదటి సంపుటి, 289వ పేజీ. ఆ తరువాత 2008లో కె. జనార్దన్ కేసు. ట్యాంకర్ డ్రైవరు, కుడి కాలు మోకాలి దగ్గర పోయింది. కమిషనర్ నూరు శాతం అన్నారు, హైకోర్టు 65కి దించింది, సుప్రీంకోర్టు మళ్లీ నూరు చేసింది. మీ బావగారి కేసుకు దీనికంటే దగ్గరి కేసు ఉండదు.

అయితే ఈ తీర్పులు ఊరికే ఉదహరిస్తే సరిపోదు. రికార్డులో బలం ఉండాలి. కమిషనర్ ముందు మీ బావగారు ఇచ్చిన సాక్ష్యంలో తాను చేసే పని ఏమిటో వివరంగా ఉందా? బెల్టులు బిగించడం, జల్లెడలు మార్చడం, మోటార్లు చూడటం, వీటికి రెండు చేతులూ కావాలని ఎక్కడన్నా పడిందా? డాక్టరుగారి క్రాస్ ఎగ్జామినేషన్లో ఆయన తేలికపాటి పనులు చేసుకోగలడని ఒప్పించారా? ఆర్డరులో కమిషనర్ నూరు శాతానికి కారణం రాశారా, లేక అంకె ఒక్కటే వేశారా? కారణం లేకుండా అంకె వేసి ఉంటే హైకోర్టు కేసును వెనక్కి పంపే అవకాశం ఉంది. సర్టిఫైడ్ కాపీలు తీయించి ఈ నాలుగు చోట్ల గుర్తు పెట్టుకుని చదవండి. మీ హైకోర్టు ప్లీడరుకు కూడా ఈ భాగాలే ముందు చూపించండి. నేలపాడులోని హైకోర్టులో రోజుకు ఎన్నో కేసులు చూసుకునే మనిషికి మొత్తం ఫైలు తిరగేసే తీరిక ఉండదు.

మధ్యలో ఒక మాట. మన వైపు చాలామంది సదరం సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు. అది పింఛనుకు పనికొచ్చే కాగితం. అందులో ఉండేది శరీరానికి ఎంత లోపం అన్న శాతం. ఈ చట్టానికి కావాల్సింది సంపాదించే శక్తి ఎంత పోయిందని. ఒకే మనిషికి రెండూ వేరువేరు అంకెలు రావచ్చు. సదరంలో 60 అని ఉందని కంపెనీ చూపిస్తే కంగారు పడకండి. ఆయనకు వికలాంగుల పింఛను వస్తుందన్న సంగతి తెచ్చినా అంతే, పైన చెప్పిన లెక్కలో పింఛను తీసేసే చోటే లేదు.

వడ్డీ సంగతికొద్దాం. ప్రమాదం నాటి నుంచి కాదు, ఆర్డరు వచ్చినప్పటి నుంచే అని కంపెనీ రాసి ఉంటుంది, దానికి 2007 నాటి ముబాసిర్ అహ్మద్ తీర్పు చూపిస్తారు. ఆ తీర్పు ఇచ్చినవారు ప్రతాప్ నారాయణ్ కేసులోని పెద్ద ధర్మాసనం మాటను గమనించలేదని, పరిహారం ప్రమాదం జరిగిన రోజే బాకీ పడుతుందని 2012లో సిబీ జార్జ్ కేసులో సుప్రీంకోర్టే తేల్చేసింది. ఇంత స్పష్టంగా ఉన్నా పాత తీర్పు చూపిస్తూనే ఉంటారు, ఎవరన్నా జవాబు చెప్పకపోతే లాభమే కదా అని. మీ తరఫున ప్లీడరు హాజరై ఉంటే ఈ వాదన నిలబడదు. ఎవరూ హాజరు కాకపోతేనే ప్రమాదం.

బెల్టుకు ఉన్న మూత మీ బావగారే తీశారని, ఆయన అజాగ్రత్త అని కౌంటరులో, అంటే కమిషనర్ ముందు వేసిన జవాబులో, రాశారన్నారు. పనివాడి అజాగ్రత్త ఈ చట్టంలో ఓనరుకు రక్ష కాదు. మందు తాగి ఉండటం, చెప్పిన నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణగా పెట్టిన మూతను కావాలని తీసేయడం, ఈ మూడే మినహాయింపులు, వాటిని రుజువు చేయాల్సింది వాళ్లు. పైగా చావు గానీ శాశ్వత పూర్తి అశక్తత గానీ అయితే ఆ మినహాయింపులు కూడా పనిచేయవు. నూరు శాతం నిలబడటం మీకు ఇంకో రకంగా ఎందుకు ముఖ్యమో దీన్ని బట్టి చూడండి.

మీరు అడగలేదు గానీ, పనివాళ్లకు ప్రభుత్వం నడిపే బీమా అయిన ఈఎస్‌ఐ గురించి చూసుకోండి. పది మంది, అంతకు మించి పనిచేసే చోట, జీతం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తించే అవకాశం ఉంది. ఈఎస్‌ఐ కిందకు వచ్చే పనివాడికి ఆ చట్టంలోని 53వ సెక్షన్ ప్రకారం నష్టపరిహార చట్టం కింద కేసే నిలబడదు. 1996లో ఎ. ట్రెహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఓనరు చందా కట్టలేదన్నంత మాత్రాన తప్పించుకోలేం, ఎందుకంటే ఆ చట్టం చూసేది చందా కట్టాల్సి ఉందా అని. మీ మిల్లులో ఏడుగురే ఉండేవారని రాశారు, కౌంటరులో ఈ వాదన లేదన్నారు. అలాగైతే హైకోర్టులో కొత్తగా ఎత్తుకోవడం వాళ్లకు కష్టం, అది కూడా ఎంతమంది ఉన్నారన్న వాస్తవం మీదే ఆధారపడేది కాబట్టి. అయినా హమాలీ జట్టును కూడా కలిపి లెక్క చెబుతారేమో, మీ ప్లీడరును ముందే సిద్ధంగా ఉండమనండి. ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట: దెబ్బ తగిలిన వారంలోనే ఈఎస్‌ఐ ఉందో లేదో కనుక్కోండి. ఉంటే అక్కడ పని చేయలేని రోజులకు సగటు కూలీలో 90 శాతం చొప్పున, శాశ్వత లోపం ఉంటే దాని శాతాన్ని బట్టి బతికినంతకాలం నెలనెలా వస్తుంది. తప్పు దారిలో రెండేళ్లు నడిచి వెనక్కి రావడం ఎవరికీ మంచిది కాదు.

ఇక డబ్బు. 17 లక్షల పైచిలుకు, దాని మీద వడ్డీ కూడా కమిషనర్ దగ్గర ఉంది. ఇది కంపెనీ దయ కాదండి. ఆర్డరులో ఉన్న సొమ్ము కట్టినట్టు కమిషనర్ సర్టిఫికెట్ జత చేయకపోతే ఓనరు వైపు అప్పీలు హైకోర్టు తీసుకోదు. కాబట్టి గెలిస్తే వసూలు ఎలాగ అన్న దిగులు మీకు లేదు. ఆ సొమ్ము ఎప్పుడు చేతికొస్తుందన్నదే ప్రశ్న. అప్పీలు తేలేదాకా కమిషనర్ ఆ డబ్బు ఆపి ఉంచవచ్చని చెప్పే 30-ఎ సెక్షన్‌ను 2017లోనే తీసేశారు, హైకోర్టు స్టే ఇస్తే మాత్రం ఆపి తీరాలి. అంటే అప్పీలు వేసినంత మాత్రాన దానంతట అదే ఆగదు. ముందు ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ సీఎంఏ నంబరు కొట్టి, స్టే ఉందా, ఉంటే ఎన్ని రోజులకు, ఏ షరతు మీద అన్నది చూడండి. స్టే లేకపోతే డబ్బు విడుదల చేయమని కమిషనర్‌కే దరఖాస్తు పెట్టండి. స్టే ఉంటే, డిపాజిట్‌లో కొంత తీసుకోవడానికి అనుమతి ఇమ్మని హైకోర్టులో పిటిషన్ వేయించండి. వివాదం లేని భాగమన్నా ఇవ్వమని అడగడం న్యాయంగా వినిపిస్తుంది. ఓనరు చెప్పిన జీతం మీద 60 శాతం చొప్పున వచ్చే సొమ్మును కంపెనీ కూడా కాదనలేదు కదా. అందులో సగం అనుమతించినా, మిగతాది బ్యాంకులో వేయమన్నా, మీ ఇంట్లో ఇబ్బంది చాలావరకు తీరుతుంది. పూర్తిగా తీసేసుకోవాలని ఆత్రపడొద్దు. రేపు తగ్గిస్తే తిరిగి కట్టమంటారు.

ఈ కేసు చూపించి మీ బావగారు 3 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారని రాశారు. ఆ అప్పిచ్చినాయన ఈ పరిహారాన్ని జప్తు చేయిస్తానని బెదిరిస్తే ఖాతరు చేయకండి. 9వ సెక్షన్ ఈ సొమ్మును జప్తు నుంచి, తాకట్టు నుంచి కాపాడుతుంది. ముందే రాయించుకున్నా అది చెల్లదు.

వేలిముద్ర కాగితం గురించి ఇంట్లో అందరికంటే మీ అక్కగారు ఎక్కువ భయపడుతున్నట్టున్నారు. ఆవిడకు ఈ పేరా చదివి వినిపించండి. చట్టం కింద హక్కును వదులుకుంటున్నానని రాసిన ఒప్పందం 17వ సెక్షన్ ప్రకారం అసలు చెల్లదు. ఒకేసారి ఇంత తీసుకుని సర్దుబాటు చేసుకున్నామంటే, ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించాల్సిన బాధ్యత ఓనరుది. అది న్యాయంగా ఉందా, మోసం ఉందా అని కమిషనర్ చూసి గాని రిజిస్టరు చేయరు. రిజిస్టరు చేయించకపోతే ఓనరు మొత్తం పరిహారం కట్టాల్సిందే, పైగా అప్పటికే ఇచ్చిన డబ్బులో సగానికి మించి తగ్గించుకోవడానికి వీల్లేదు, కమిషనర్ వేరేగా చెబితే తప్ప. వైద్యానికి ఇచ్చిందైతే అసలు తగ్గించుకోకూడదు. అంటే ఆ కాగితం ఎంత కొట్టినా మీకు తగిలే దెబ్బ 1 లక్ష లోపే. ఆస్పత్రి మంచం మీద, కట్లు కట్టి ఉన్న మనిషి ఎడమచేతి ముద్ర వేయించిన కాగితాన్ని హైకోర్టులో చూపించడానికి వాళ్లే మొహమాటపడాలి.

సివిల్ కోర్టులో దావా వేయలేరు. 3వ సెక్షన్లోని ఐదో ఉపసెక్షన్ ప్రకారం కమిషనర్ దగ్గర కేసు వేశాక అదే దెబ్బకు వేరే దావా లేదు. మొదట సివిల్ దావా వేసి ఉంటే కమిషనర్ దగ్గర పరిహారం లేదు. ఏ దారి అన్నది మొదట్లోనే తేల్చుకోవాల్సిన విషయం, మీరు సరైన దారే పట్టారు. సివిల్ దావాలో ఓనరు తప్పు రుజువు చేయాలి, కోర్టు ఫీజు కట్టాలి. ఇక్కడ తప్పు రుజువు చేయక్కర్లేదు. మిల్లు లారీ మీద పోతూ దెబ్బ తగిలినవాళ్లకు మాత్రం ఇంకో దారి ఉంది. మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్ గానీ కమిషనర్ గానీ, ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. ట్రిబ్యునల్లో 15,000 పరిమితి లేదు కాబట్టి చాలామంది అటే వెళతారు.

లంక ఊళ్ల నుంచి పంటు ఎక్కి పనికి వచ్చేవాళ్లు కూడా నన్ను ఇది అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పనికి వెళ్లే దారిలో దెబ్బ తగిలితే ఏమిటి? 1958లో సౌరాష్ట్ర ఉప్పు కంపెనీ కేసులో, పని ముగించుకుని పాయ దాటుతూ పడవ మునిగి పోయినవాళ్ల కుటుంబాలకు సుప్రీంకోర్టు పరిహారం లేదంది. అందరూ వాడే రేవు, అందరూ ఎక్కే పడవ అని. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా, సమయం, చోటు, పరిస్థితులను బట్టి ఉద్యోగంతో ముడి ఉంటే, ఈ చట్టం కిందకు వస్తుందని చెప్పింది. చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కేసు అది. పాత కేసులు మూలన పడేసినవాళ్లు మళ్లీ ప్లీడర్ని కలవడం మంచిది.

క్రిమినల్ కేసు పెట్టొచ్చు. 2023 నాటిది కాబట్టి, నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేశారని, ఐపీసీ 338 కింద. కానీ దాని వల్ల మీకు రూపాయి రాదు, రాజీ బేరానికి ఓనరుకు ఇంకో ఆయుధం దొరుకుతుంది, అంతే. అప్పట్లో నమోదైన కేసు ఉంటే దాని కాగితాలు తీసిపెట్టుకోండి. కొత్తగా ఇప్పుడు మొదలుపెట్టమని నేను చెప్పను.

ఓనరు మీద కోపం తీర్చుకోవాలనుంటే పెనాల్టీ అడగండి. నెల రోజుల్లో పరిహారం కట్టకుండా, ఆలస్యానికి సరైన కారణం చూపించలేకపోతే, అసలులో 50 శాతం దాకా పెనాల్టీ వేయొచ్చు. అది పనివాడికే చెందుతుంది. ఇది ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు, ఓనరు జేబులోంచే కట్టాలి, 1997లో వేద్ ప్రకాశ్ గర్గ్ తీర్పు అదే. మీ ఆర్డరులో పెనాల్టీ ఊసే లేదన్నారు. దానికి మీరు విడిగా అప్పీలు వేసుకోవాలి. 60 రోజుల గడువు దాటింది, ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ కూడా పెట్టాలి. ఓనరుకు ముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి కాబట్టి హైకోర్టు ఒప్పుకున్నా కేసు ఆ ఒక్క విషయం మీద కమిషనర్ దగ్గరకు తిరిగి రావచ్చు. దీనికోసం అసలు సొమ్ము ఆలస్యమవుతుందేమో మీ ప్లీడరుతో మాట్లాడి తేల్చుకోండి. నాకైతే ముందు డబ్బు తీయించుకునే పిటిషన్ మీద దృష్టి పెట్టడమే మేలనిపిస్తుంది.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి 1923 చట్టం పోయిందని, కాబట్టి మీ కేసు కూడా పోయిందని ఆ మధ్యవర్తి అన్నాడట. అబద్ధం. హక్కు ప్రమాదం జరిగిన రోజుది. ఆ రోజున ఉన్న చట్టమే మీ లెక్కకు వర్తిస్తుంది.

ఆ మనిషి గురించి కూడా చెప్పాలి. కంపెనీ ఉద్యోగి కాదు, ప్లీడరూ కాదు, 8 లక్షల్లో తనకెంతో మాత్రం చెప్పలేదు. నిజంగా కంపెనీకి రాజీ ఇష్టమైతే హైకోర్టు లోక్ అదాలత్‌కు పంపమని వాళ్ల ప్లీడరే అడుగుతారు. అక్కడికి పిలిస్తే వెళ్లండి, వెళ్లడం తప్పు కాదు. కానీ లోక్ అదాలత్‌లో సంతకం పెట్టాక దాని మీద అప్పీలు ఉండదు. పైన రాసిన అంకెలు జేబులో పెట్టుకుని వెళ్లండి. వాళ్లు నూరు శాతం మీద వాదన వదిలేసి, వడ్డీలో కొంత తగ్గించమంటే ఆలోచించవచ్చు. 10,64,124, దాని వడ్డీ 3,19,237, కలిపి 13,83,361కి తక్కువ అంటే లేచి రండి. డిపాజిట్ అయిన డబ్బు ఎక్కడికీ పోదు.

హైకోర్టులో ప్లీడర్ని పెట్టుకునే స్తోమత లేదన్నారు. న్యాయ సేవల అధికార చట్టం 1987లో 12వ సెక్షన్ కింద పారిశ్రామిక కార్మికుడికీ, వైకల్యం ఉన్నవారికీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడర్ని ఇస్తారు. మీ బావగారు రెండు విధాలా అర్హుడే. అమలాపురం గానీ రామచంద్రపురం గానీ, మీకు దగ్గర్లో ఉన్న కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు ఇస్తే హైకోర్టు కమిటీకి పంపిస్తారు. సొంతంగా పెట్టుకుంటే వచ్చినదాంట్లో ఇంత వాటా అని ఒప్పందం చేసుకోకండి. ప్లీడర్లు అలా తీసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమమే ఉంది. ఫీజు ఎంతో ముందే అంకెగా మాట్లాడుకోండి.

హైకోర్టు నుంచి రిజిస్టరు పోస్టు వస్తే మీ అక్కగారు భయపడి వెనక్కి పంపేశారని చివర్లో రాశారు. నాకు అన్నిటికంటే కంగారు పుట్టించింది అదే. తీసుకోకపోయినా నోటీసు అందినట్టే లెక్క. మీ వైపు ఎవరూ లేకుండా కేసు విచారణకు రావచ్చు. వాయిదా ఎప్పుడో యాప్‌లో ఇవాళే చూసి, ఆ తేదీ లోపు వకాలత్ వేయించండి. దానికి మీ బావగారి సంతకం కావాలి. ఎడమచేత్తో సంతకం ఇంకా అలవాటు కాకపోతే వేలిముద్ర చాలు, పక్కన సాక్షి ఉండాలి. ఏ కాగితం మీద వేస్తున్నారో మాత్రం ఈసారి చదివించుకుని వేయమనండి.